మారెన్ హోల్స్ట్ బై రెండు

మా జిల్లా హస్తకళా వికాస కేంద్రంలో ఒక మనిషికి ఒకే పని రావాలి. రెండోది వచ్చినా రానట్టే ఉండాలి. ఇది నేను పెట్టిన రూలు కాదు, నేను పుట్టకముందు నుంచీ ఉన్న ఏడో నిబంధన. కుండలు చేసే ఇంట్లో పుట్టినవాళ్ళకి కుండ కార్డు, మగ్గం ఇంట్లో పుట్టినవాళ్ళకి మగ్గం కార్డు, వడ్రంగుల పిల్లలకి కర్ర కార్డు, ఇత్తడి పోతపోసేవాళ్ళ పిల్లలకి లోహం కార్డు. కార్డు ఉన్నవాళ్ళు మా షెడ్లలో కూర్చుని పని చేసుకోవచ్చు. లేనివాళ్ళు కిటికీలోంచి చూడవచ్చు. కిటికీకి కార్డు అక్కర్లేదు, ఆ మాత్రం ఉదారత మా శాఖకి ఉంది.

ఆ కేంద్రానికి నేను సూపరింటెండెంటుని. కొందరికి పొద్దున్నే కాఫీ పడకపోతే తలనొప్పి వస్తుంది, నాకు ఒక నిబంధనయినా చదవకపోతే వస్తుంది. అందుకే వరాలు అనే ఆమె నా గదిలోకి వచ్చినప్పుడల్లా నేను ఓపిగ్గానే సమాధానం చెప్పాను.

"సూపర్నెంటు గారూ, ఆ మూల మగ్గం ఖాళీగానే ఉంది కదండీ. నన్ను కూర్చోనివ్వండి" అనేది వరాలు. ఆమె అడిగిందల్లా అదొక్కటే. వాళ్ళింట్లో ఉన్నది గుంట మగ్గం. వాన పడితే కప్పు కారి గుంట నిండుతుంది. మొగుడు గవర్రాజుకి చూపు మందగించి పోగు కనపడక మగ్గం దిగిపోయాడు. ఇప్పుడు ఇల్లు గడవాలంటే ఆమే నెయ్యాలి, నెయ్యాలంటే పొడిగా ఉన్న మగ్గం కావాలి. పొడిగా ఉన్న మగ్గం ఊరి మొత్తానికి మా షెడ్లోనే ఉంది.

"మీ నాన్న ఏం చేసేవాడు?" అని అడిగాను.

"కుండలండీ."

"అయితే నీది కుండ కార్డు."

"కుండలూ వచ్చండి, కాదన్ను. కానీ పెళ్ళయిన కాడినించీ మా అత్త మగ్గం మీద కూర్చోబెట్టింది. ఇప్పుడు నా చెయ్యి నేతకే అలవాటు పడింది."

"అది నువ్వు నేర్చుకున్న పని. నేనడిగేది నువ్వు పుట్టిన పని."

"పుట్టినప్పుడు ఎవరికేం వస్తదండీ, ఏడవటం తప్ప."

"దానికి కార్డు లేదు" అన్నాను. పైగా రెండు పనులు వస్తాయని బయట ఎక్కడా అనవద్దనీ, అంటే ఉన్న కుండ కార్డు కూడా రద్దయ్యే ప్రమాదం ఉందనీ హితవు చెప్పాను. ఆమె ముక్కు చీదుకోలేదు, కాళ్ళు పట్టుకోలేదు. "మీరూ మీ కార్డులూ చల్లగుండాలి" అని కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. అది ఆమె హక్కు.

ఆ రోజుల్లోనే రాజధాని నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. మా శాఖ పెద్దాయన ఒకరు విదేశాలు తిరిగి వచ్చారట. అక్కడేదో ప్రదర్శనశాలలో ఒకే మనిషి వేసిన బొమ్మ, నేసిన గుడ్డ, చేసిన కుండ, చెక్కిన తలుపు పక్కపక్కనే చూసి, ఆ పూట అన్నం కూడా మానేశారట. తిరిగి రాగానే ఆ ఏడాదికి 'బహుముఖ కళా సంవత్సరం' అని పేరు పెట్టారు. ఒక మనిషి ఒకే పనికి కట్టుబడటం వెనకబాటుతనమనీ, అన్ని పనులూ చేతపట్టడమే ఆధునికతనీ సర్క్యులర్ ఘోషించింది.

మా ఉప సంచాలకులు చక్రధరరావు గారు నన్ను పిలిచారు. ఆయన మాట్లాడితే ఎవరో ఉత్తరం చదువుతున్నట్టుంటుంది. ఇంట్లో కూర బాగుందా అని అడిగినా "తమరి ప్రస్తావన పరిశీలనలో ఉన్నది" అంటారని వాళ్ళ డ్రైవరు చెబుతుంటాడు.

"సూపరింటెండెంటు గారూ, పై సర్క్యులర్‌ను పురస్కరించుకుని, మన కేంద్రం ఒక అంతర్జాతీయ బహుముఖ కళాకారుని గాని, కళాకారిణిని గాని ఆహ్వానించి, తగు ఆతిథ్యమిచ్చి, వారి బహుముఖత్వమును స్థానికులకు సోకింపజేయవలసి ఉన్నది."

"ఏ దేశం నుంచి పిలుద్దామండీ?"

"డెన్మార్కు. ఫ్రాన్సు, జర్మనీ పక్క జిల్లాల వారు ముందే తీసేసుకున్నారు."

అలా మాకు మారెన్ హోల్స్ట్ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. మా గుమ్మాలకి వంగాల్సినంత పొడుగు. తెల్లటి పొట్టి జుట్టు, మేస్త్రీ చేతుల్లాంటి చేతులు. ఊళ్ళోవాళ్ళు మొదటి పూటే ఆవిణ్ణి మారెమ్మ చేసేశారు. గ్రామదేవత పేరని ఎవరో చెబితే ఆవిడ నొచ్చుకోకపోగా, ఆ దేవత ఏమేం చేస్తుందో వివరంగా కనుక్కుంది.

ఆవిడ జీవితం నాకు ఆవిడే చెప్పింది. ఇంగ్లీషులో చెప్పింది, నాకు అర్థమైనంత మేరకు ఇది. పుట్టింది సముద్రం మధ్య చిన్న ద్వీపంలో. తండ్రి పడవలు కట్టేవాడు, తల్లి తెరచాపలు కుట్టేది. రాజధానికి వెళ్ళి బొమ్మలు వెయ్యడం చదువుకుంది. ఆ బొమ్మలకి పేరు రావడం మొదలెట్టగానే కుంచె పక్కన పడేసి, తండ్రి పాత పడవల చెక్కలతో తలుపులు చేసింది. ఆ తలుపులకి గోడలుండవు. ఖాళీ మైదానంలో నిలబెడుతుంది. జనం తలుపు తీసుకుని అటు వెళతారు, అటు కూడా మైదానమే, మళ్ళీ తీసుకుని ఇటు వస్తారు. ఆ తర్వాత చిరిగిన తెరచాపల పీలికలతో గోడంత గుడ్డలు నేసింది. తర్వాత కుండల మీదికి వెళ్ళింది. ఆపైన ఇత్తడి గంటలు, నాలుక లేని గంటలు. అవి మోగవు, చెయ్యి వేస్తే సన్నగా వణుకుతాయి. మధ్యలో ఒక పెళ్ళి, ఒక విడాకులు, కొన్ని బహుమతులు, ఒక మోకాలి ఆపరేషను.

"ఇన్ని ఎందుకమ్మా, ఒక దాంట్లో స్థిరపడొచ్చు కదా?" అని అడిగాను.

"నా దగ్గర ఉన్నవి రెండు చేతులే. వాటికి విసుగు పుట్టకుండా చూసుకోవద్దా?" అంది.

ఇక్కడే చిక్కు వచ్చింది. ఏ షెడ్లో కూర్చోవాలన్నా కార్డు కావాలి. అతిథులకైనా సరే, మా సేవా నిబంధనలన్నీ వర్తిస్తాయి. సర్క్యులర్ ఏమో ఈవిడ నాలుగు పనులూ చేసి తీరాలంటుంది. ఏడో నిబంధన ఒకటే చెయ్యాలంటుంది. రెండూ ప్రభుత్వానివే. నిబంధన కాస్త సడలిస్తే పోయేది కదా అని మీకు అనిపిస్తే, మీరు ప్రభుత్వోద్యోగం చేసి ఉండరు.

దారి నాకే తట్టింది. మన దగ్గర ఒక చేను నలుగురు అన్నదమ్ములు పంచుకుంటే సర్వే నంబరు మారదు, దాని చివర బై ఒకటి, బై రెండు అని చేరుతుంది. ఇంటి నంబర్లకీ అదే పద్ధతి. చేనికీ ఇంటికీ లేని అభ్యంతరం మనిషికెందుకు ఉండాలి? ఆవిడ పాస్‌పోర్టు నంబరే తీసుకుని, బై ఒకటి కుండ మారెన్, బై రెండు మగ్గం మారెన్, బై మూడు కర్ర మారెన్, బై నాలుగు లోహం మారెన్ అని విభజించాను. నలుగురికీ నాలుగు కార్డులు. ఒక్కొక్కరికీ ఒకే పని.

చక్రధరరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇందువలన సర్క్యులరునకు గాని, నిబంధనకు గాని ఎట్టి భంగమూ వాటిల్లదు. పైపెచ్చు ఇతర జిల్లాలు ఒక్కొక్కరినే పిలవగా, మనం నలుగురిని రప్పించినట్లగును."

"ఆవిడ బొమ్మలు కూడా వేస్తుందండీ" అని గుర్తుచేశాను.

"చిత్రలేఖనం మన శాఖ కాదు. ఆ మారెన్ గారిని విద్యాశాఖ వారు పిలుచుకుంటారు."

కార్డు మీద ఫొటో ఉండాలి. నలుగురికీ ఒకే ఫొటో ఉంటే ఆడిట్ వాళ్ళు పట్టుకుంటారు. అందుకని ఆవిణ్ణి నాలుగు వైపుల నుంచీ తీయించాను. బై ఒకటికి ఎదురుగా, బై మూడుకి ఎడమ పక్క నుంచి, బై నాలుగుకి కుడి పక్క నుంచి. బై రెండుకి వెనక నుంచి, మగ్గం ముందు కూర్చుని, దుమ్ము పడకుండా తలకి గుడ్డ చుట్టుకుని ఉండగా తీశాం. నేసేవాళ్ళు వెనక నుంచే కదా అందరికీ కనపడేది.

తర్వాత జీవిత విశేషాలు. నాలుగు జీవితాలు రాయాలి, ఉన్నదేమో ఒకటి. దాన్నే అందరికీ సర్దాను. తండ్రి పడవలు కట్టేవాడు కనక బాల్యం మొత్తం కర్ర మారెన్‌కి రాశాను. బహుమతులు కుండ మారెన్‌కి. పెళ్ళి మగ్గం మారెన్‌కి. విడాకులు కూడా ఆవిడ కిందే వెయ్యబోయాను గానీ, మరీ ఒకరికే రెండూ ఎందుకని లోహం మారెన్‌కి ఇచ్చాను. పాపం ఆవిడకి మోకాలి ఆపరేషను తప్ప ఇంకేం మిగల్లేదు. పెళ్ళి కాకుండా విడాకులు ఎలా వచ్చాయని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

ఇదంతా ఆవిడకి చదివి వినిపించాను. చాలాసేపు నవ్వింది. "మా దేశంలో విమర్శకులు ముప్పై ఏళ్ళపాటు నన్ను వెంటాడారు, 'నువ్వసలు ఎవరివి, ఏదో ఒకటి తేల్చుకో' అని. మీరు ఒక్క మధ్యాహ్నంలో తేల్చి పారేశారు" అంది. దీన్ని ప్రశంసగా భావించి ఫైల్లో పెట్టాను.

ప్రారంభ సభ రోహిణీ కార్తెలో జరిగింది. వేదిక మీద నాలుగు కుర్చీలు. ఆవిడ ఒక కుర్చీలో కూర్చుని శాలువా కప్పించుకుని, లేచి పక్క కుర్చీలోకి మారి మళ్ళీ కప్పించుకుంది. నాలుగో శాలువా వచ్చేసరికి మొహం టమాటాలా అయింది. చక్రధరరావు గారు మైకు పట్టుకుని, "ఒకే నేల నుండి, ఒకే ఊరి నుండి, దాదాపు ఒకే పోలికలతో విచ్చేసిన ఈ నలుగురు మహిళామణులు" అంటూ మొదలుపెట్టారు. ఆ మాటలో అబద్ధం ఎక్కడుందో ఇప్పటికీ ఎవరూ చూపించలేరు.

వరాలు కిటికీ దగ్గరే ఉంది. సభ అయ్యాక నన్ను ఆపింది.

"ఆవిడకి నాలుగు పనులొస్తే నాలుగు శాలువాలు. నాకు రెండొస్తే ఉన్న కార్డు పీకేస్తారా?"

"ఆవిడది బహుముఖ ప్రజ్ఞ. నీది క్రమశిక్షణ లేకపోవడం" అని తేడా చెప్పాను.

"ఒడ్డూ పొడుగూ అంతే తేడా అనుకున్నానండి ఇంతసేపూ" అంది.

పని మొదలయింది. మారెన్ ఒక పూట కుండల షెడ్లో ఉండేది, ఒక పూట కర్ర షెడ్లో. ఎక్కడ బుద్ధి పుడితే అక్కడ. ఆ బుద్ధి పుట్టడంతోనే మాకు ఇబ్బంది వచ్చింది. ఆవిడ ఒక షెడ్లో ఉన్నప్పుడు మిగతా ముగ్గురూ గైరుహాజరు. నేను ఊరుకునే మనిషిని కాదు. ఏ రోజుకా రోజు ముగ్గురికీ మెమోలు పంపాను. మెస్‌లో మాత్రం నలుగురికీ భోజనాలు వచ్చేవి. గైరుహాజరైనవాళ్ళవి వృథా పోకూడదు కాబట్టి సిబ్బంది ఆ బాధ్యత తీసుకున్నారు.

మెమోలకి మారెన్ సంజాయిషీ రాసిచ్చింది: "ఆ సమయంలో నేను కుండ చేస్తున్నాను, చేతినిండా మట్టి ఉంది." చక్రధరరావు గారు తిప్పి పంపారు. "కుండ చేయుచున్నది బై ఒకటి గారు. బై రెండు గారు ఆ సమయమున ఎక్కడున్నారన్నదే ప్రశ్న. ఒకరి హాజరును మరొకరు తమ సంజాయిషీగా చూపజాలరు."

ఈలోగా వానలు పడ్డాయి. వరాలు ఇంటి కప్పు ఎప్పట్లాగే కారింది. మగ్గం గుంట నిండి, సగం నేసిన చీర పడుగుతో సహా తడిసి ముద్దయింది. ఆ తడిసిన నూలు ఒక చంకన, కోపం ఒక చంకన పెట్టుకుని నా గదికి వచ్చింది.

"మారెమ్మ గారు ఇవ్వాళ కుండల కాడ ఉన్నారు. మగ్గం ఖాళీ. సాయంత్రం దాకా నేసుకుని లేచిపోతాను. ఎవరికీ చెప్పనండి."

"ఖాళీ కాదు. బై రెండు గారు గైరుహాజరు. గైరుహాజరైనవాళ్ళ చోటు నిండి ఉన్నట్టే లెక్క."

"లేని మనిషికి పొడి మగ్గం. ఉన్న మనిషికి నీళ్ళ గుంట. బాగుందండి."

అప్పుడే చేతులు తుడుచుకుంటూ మారెన్ వచ్చింది. సంగతేమిటని అడిగి, "ఈమెని కూర్చోనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు" అంది. కుండ కార్డు మెడలో వేసుకుని మగ్గం గురించి మాట్లాడే అధికారం ఆవిడకి లేదని మర్యాదగానే చెప్పాను. ఆవిడ నాకేసి ఒక చూపు చూసింది. వెంటనే మెడలో కార్డు తీసి, జేబులోంచి బై రెండు కార్డు తీసి తగిలించుకుని, వరాలు చెయ్యి పట్టుకుని నేత షెడ్లోకి తీసుకుపోయింది. మగ్గం మీద తాను కూర్చుని, పక్కన బల్ల మీద వరాలుని కూర్చోబెట్టింది. పక్కన కూర్చోకూడదన్న నిబంధన కోసం ఆ సాయంత్రమంతా వెతికాను, దొరకలేదు.

అలా కొన్నాళ్ళు ఇద్దరూ ఒకే చోట కూర్చున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు, అయినా ఎడతెరిపి లేకుండా పోట్లాడుకునేవారు. మారెన్ నేసే గుడ్డలో మధ్యమధ్య ఖాళీలు వదిలేది, కావాలనే. వరాలు వేలు దూర్చి, ఇదేమిటని సైగ చేసింది. గాలి రావడానికని మారెన్ నోటితో ఊది చూపించింది.

"అయితే మా ఇంటి కప్పు కూడా ఈవిడే నేసుంటుందండి" అంది వరాలు.

ఆ మాట నేను ఇంగ్లీషులో చెప్పాను. మారెన్ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. తర్వాత ఉన్నట్టుండి నవ్వాపి, ఆ ఇల్లు చూస్తానని వానలోనే బయల్దేరింది. తిరిగొచ్చాక నన్ను ఒక్కటే అడిగింది.

"నేను మా దేశం వెళ్ళిపోయాక ఆ మగ్గం ఎవరిది?"

"బై రెండు గారిది" అన్నాను.

మెమోలు అలా పోగుపడుతూ వచ్చాయి. అందరికంటే ఎక్కువ మగ్గం మారెన్ పేర ఉన్నాయి, ఆ షెడ్డుకి వెళ్ళేది తక్కువ కనక. పైగా అనధికార వ్యక్తిని పక్కన కూర్చోబెట్టుకుందన్న ఆరోపణ ఒకటి. చక్రధరరావు గారు విచారణ జరిపించారు. కుండ మారెన్‌ని సాక్షిగా పిలిచాం. "ఆ మగ్గం మారెన్ మంచి మనిషి, మొండి మనిషి" అని వాంగ్మూలం ఇచ్చింది. మొండి అన్న మాట కింద గీత గీసి, మగ్గం మారెన్‌ని సస్పెండ్ చేశాం. కర్ర మారెన్‌ని అదే వారంలో ఉత్తమ అతిథి కళాకారిణిగా సిఫార్సు చేశాం. న్యాయంగా ఉండాలి కదా.

సస్పెండ్ అయినవాళ్ళ కార్డూ పనిముట్లూ స్వాధీనం చేసుకోవాలి. మగ్గానికి అడ్డంగా గుడ్డ కట్టి, లక్క వేసి, ముద్ర కొట్టాం. పక్కన ఉన్న బల్ల కూడా తీసేశాం. ఆ లక్క ఆరేదాకా వరాలు కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఆమె ఏదో ఒకటి అని ఉంటే నాకు కొంచెం బాగుండేది.

మారెన్ తిరుగు ప్రయాణం దగ్గరపడింది. విదేశీయుల వ్యవహారాలు చూసే ఇన్‌స్పెక్టరు దావీదు గారు మా ఆఫీసుకొచ్చారు. టోపీ బల్ల మీద పెట్టి కూర్చున్నారు.

"నలుగురొచ్చారని మీరే రాసిచ్చారండి. ఇప్పుడు ఒకరే వెళ్తారంటున్నారు. మిగతా ముగ్గురి సంగతి తేలకుండా నేను ఈవిణ్ణి ఊరు దాటనివ్వను. నాకు నాలుగు తలకాయలు కనపడాలి."

చక్రధరరావు గారు క్షణం కూడా తడుముకోలేదు. "వెళ్ళునది బై ఒకటి గారు. బై మూడు, బై నాలుగు గార్లను పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా ఇతర జిల్లాలకు నిన్ననే బదిలీ చేసి ఉన్నాము. వారి తలకాయలు ఇకపై ఆయా జిల్లాల బాధ్యత."

ఇన్‌స్పెక్టరు గారు రాసుకున్నారు. బదిలీ అంటే ఆయనకీ గౌరవమే. "మరి బై రెండు?"

సస్పెన్షన్‌లో ఉన్నవాళ్ళని బదిలీ చెయ్యకూడదు. వాళ్ళు హెడ్‌క్వార్టర్సు వదిలి వెళ్ళకూడదు కూడా. అంటే మగ్గం మారెన్ ఊళ్ళోనే ఉండి తీరాలి.

"ఊళ్ళోనే ఉన్నారు" అన్నారు చక్రధరరావు గారు, నిబంధన ప్రకారం.

"అయితే చూపించండి."

ముగ్గురం బయల్దేరాం. ఎక్కడికి బయల్దేరామో మాలో ఇద్దరికి తెలియదు. వరండాలో మారెన్ సంచి సర్దుకుని నిలబడి ఉంది, ఆవిడా వెంట వచ్చింది. నేత షెడ్డు దగ్గరికి రాగానే లోపలి నుంచి మగ్గం చప్పుడు వినిపించింది. తలుపు తోసి చూస్తే లక్క ముక్కలు నేల మీద ఉన్నాయి. మగ్గం మీద వరాలు కూర్చుని ఉంది, తలకి గుడ్డ చుట్టుకుని, మాకేసి వీపు పెట్టి. అడుగుల చప్పుడు విని కూడా చెయ్యి ఆపలేదు.

ఇన్‌స్పెక్టరు గారు నా చేతిలోంచి బై రెండు కార్డు తీసుకున్నారు. ఫొటో చూశారు. మగ్గం చూశారు. తలగుడ్డ చూశారు. వీపు చూశారు.

నా బుర్ర ఆ క్షణంలో పనిచేసినట్టు సర్వీసులో మరెన్నడూ పనిచెయ్యలేదు. ఈమె వరాలయితే ప్రభుత్వ ముద్ర పగలగొట్టిన నేరస్థురాలు. ఆ ముద్రకి కాపలా ఉండాల్సింది నేను. ఈమె మారెన్ అయితే, సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగిని పశ్చాత్తాపపడి పనిలోకి వచ్చింది. నేను చక్రధరరావు గారికేసి చూశాను, ఆయన నాకేసి చూశారు.

"వీరే" అన్నారు చక్రధరరావు గారు. "మారెన్ హోల్స్ట్ బై రెండు."

ఇన్‌స్పెక్టరు గారు ముందుకి నడిచి మొహం చూశారు. చామనఛాయ, ముక్కుపుడక, నుదుట చెమటకి కారిన కుంకుమ. "డెన్మార్కేనా తల్లీ?"

వరాలు అప్పుడు చెయ్యి ఆపింది. "ఈ మగ్గం మీద కూర్చోనిస్తానంటే మీరెక్కడిదంటే అక్కడిదాన్నేనండి. లేచి పొమ్మంటే మాత్రం ఈ ఊరిదాన్ని. ఏది కావాలో మీరే చెప్పుకోండి."

ఆయన మారెన్ వైపు తిరిగి, ఈమె మీతో వచ్చినావిడేనా అని అడిగారు. మారెన్ వెళ్ళి వరాలు భుజం మీద చెయ్యి వేసింది.

"అవును. మా నలుగురిలో నాకు ఎప్పుడూ ఈమే ఎక్కువ ఇష్టం. నేతలో నాకంటే చాలా మెరుగు. జాగ్రత్తగా చూసుకోండి."

నేను ఆ మాటలు ఒక్కటీ వదలకుండా తెలుగులో చెప్పాను. దావీదు గారు చాలాసేపు కార్డు కేసి చూశారు. తెలివితక్కువ మనిషి కాదాయన. "ఫొటో సరిపోయింది" అని సంతకం పెట్టారు. మారెన్ తన మెడలోంచి ఏదో తీసి వరాలుకి ఇచ్చింది, చిన్న ఇత్తడి గంట, నాలుక లేనిది. వరాలు ఊపి చూసి, మోగకపోయేసరికి, "దీన్ని కూడా సస్పెండ్ చేశారా" అంది.

బై రెండు గారి సస్పెన్షన్ ఎత్తేశాం. మెరుగైన ప్రవర్తన అని రాశాం.

బహుముఖ కళా సంవత్సరం ముగింపుకి మంత్రిగారు వచ్చారు. షెడ్డులన్నీ తిరిగి మగ్గం దగ్గర ఆగారు. చక్రధరరావు గారు పరిచయం చేశారు. మంత్రిగారు చీర అంచు పట్టుకుని చూసి, వెనక ఉన్న జనం వైపు తిరిగారు.

"చూశారా? ఎక్కడి డెన్మార్కు, ఎక్కడి మన నేత. సముద్రాలు దాటొచ్చి ఎంత బాగా పట్టేసిందో. చీరకట్టు చూడండి, బొట్టు చూడండి. మన ఆడవాళ్ళకి ఈ శ్రద్ధ ఏదీ?" తర్వాత ఆమెతో, "తెలుగు ఏమన్నా వస్తుందా అమ్మా?"

"వస్తదండి."

"అబ్బో, యాస కూడా పట్టేసిందే. ఎక్కడ నేర్చుకున్నావు?"

"మా అమ్మ కాడండి."

వాళ్ళ అమ్మకి కూడా తెలుగు వచ్చట అని మంత్రిగారు పక్కనున్నవాళ్ళకి చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు కొట్టినవాళ్ళలో కిటికీ బయట నిలబడ్డ గవర్రాజు కూడా ఉన్నాడు.

ఉత్సాహం పట్టలేక, ఆ వారంలోనే నేను వరాలు పాత దరఖాస్తు మళ్ళీ పైకి పంపాను, సొంత పేరుతో మగ్గం కార్డు ఇప్పించమని. తిరిగొచ్చింది. పుట్టుకతో కుండల వృత్తికి చెందిన స్థానికురాలికి నేత కార్డు ఇవ్వడం ఏడో నిబంధనకి విరుద్ధమనీ, అంతగా నేత మీద ఆసక్తి ఉంటే బై రెండు గారి దగ్గర శిక్షణ పొందవచ్చనీ రాశారు.

అందుకని వరాలు ఇప్పటికీ డెన్మార్కు మనిషే. విదేశీయులు ఈ దేశంలో ఏడాదికి మించి ఉండాలంటే అనుమతి పొడిగించుకోవాలి, ముందుగా మా కేంద్రం సిఫార్సు కావాలి. అందుచేత ప్రతి ఏడూ వానలకి ముందు ఆమె నా బల్ల ముందుకొచ్చి నిలబడుతుంది. ఆమె పుట్టిన కుమ్మరి వీధి మా ప్రహరీ గోడకి అవతలే. కుండల ఆవం కాల్చినప్పుడు ఆ పొగ నా కిటికీలోంచి లోపలికి వస్తుంది.

ఈ ఏడూ వచ్చింది. ఫారం ప్రకారం అడగవలసినవన్నీ అడిగాను. ఇక్కడ ఉండవలసిన అవసరం ఏమిటంటే మగ్గం అంది. ఎన్నాళ్ళు ఉంటారంటే మగ్గం ఉన్నన్నాళ్ళూ అంది, నేను ఏడాది అని రాశాను. చివరి ప్రశ్న కూడా వదలడానికి వీల్లేదు.

"తిరిగి మీ ఊరు ఎప్పుడు వెళతారు?"

వరాలు కిటికీలోంచి వస్తున్న పొగ కేసి చూసింది. ఆమె గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం ఈసారి లేదు.

"దారెటో మీరు చెప్పండి సూపర్నెంటు గారూ. పొద్దున్నే వెళ్ళిపోతాను."

నేను ఆ ప్రశ్న ఎదుట 'తెలియదు' అని రాసి, సంతకం పెట్టాను.